ఈ సెట్‌లో పార్కర్ తప్ప మిగతావాళ్లంతా ఏమైపోయారు?

కొత్తచెవి
శుక్రవారం రాత్రి 11:40

నమస్కారమండీ. జాజ్ వినడం మొదలుపెట్టి ఏడాదిన్నరే అయింది, ప్రశ్న తెలివితక్కువగా ఉంటే తిట్టకండి. డీన్ బెనెడెట్టి అనే ఆయన క్లబ్బుల్లో రికార్డు చేసిన, ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ సెట్ ఒకటి చేతికొచ్చింది. ఏడు సీడీలు. ఎంతో ఆశగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటే అరగంటకే తల తిరిగింది. ఏ పాటకీ మొదలుండదు, చివరుండదు. గరగరమనే చప్పుడులోంచి శాక్సఫోన్ ఊడిపడుతుంది, నిమిషమో రెండు నిమిషాలో ఉరుకుతుంది, పక్కనున్న ట్రంపెట్ ఆయన అందుకోబోతుంటే టక్‌మని తెగిపోతుంది. వెంటనే ఇంకో పాట, అదీ నడిమధ్య నుంచే. నా ఫైళ్లు పాడయ్యాయా, అసలు ఇంతేనా?

సూదిమొన
శనివారం ఉదయం 6:15

ఇంతే బాబూ. ఫైళ్లు నిక్షేపంగా ఉన్నాయి. ఆయన పట్టిందే అంత.

బెనెడెట్టి తను కూడా ఆల్టో శాక్సఫోన్ వాయించేవాడు. పార్కర్‌ని విన్నాక ఆయనకి వేరే లోకం లేకుండా పోయింది. 1947 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని హై-డి-హో క్లబ్బులో ట్రంపెట్ వాయించే హోవర్డ్ మెగీ బృందంతో పార్కర్ వాయిస్తున్నాడు. ఆసుపత్రి నుంచి బయటపడి అప్పటికి కొన్ని వారాలే. బెనెడెట్టి డిస్కు చెక్కే మెషీను ఒకటి మోసుకెళ్లి పెట్టుకునేవాడు. డిస్కుకి డబ్బు పెట్టాలి, ఒక్కో వైపు పట్టేది కొద్ది నిమిషాలు. అందుకని పార్కర్ వాద్యం నోట పెట్టుకోగానే సూది దించేవాడు, తీయగానే సూది లేపేవాడు. మరుసటి ఏడాది న్యూయార్క్ 52వ వీధిలో, త్రీ డ్యూసెస్, ఓనిక్స్ క్లబ్బుల్లో పట్టేనాటికి చేతికి కాగితం టేపు వచ్చింది. టేపు వచ్చినా బుద్ధి మారలేదు, అదే కత్తిరింపు.

ఆయన 1957లో ఇటలీలో పోయాడు. ముప్పై నాలుగేళ్లు. పార్కర్ కూడా అదే వయసులో, 1955లో పోయాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు ఈ రికార్డింగులు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు. సన్నటి ఉక్కు తీగ మీద రికార్డు చేశాడని, పార్కర్ వెంట ఊరూరా తిరిగాడని కథలల్లారు. చివరికి చూస్తే అవన్నీ ఆయన సోదరుడి దగ్గరే ఉన్నాయి. మొజాయిక్ అనే రికార్డు సంస్థ 1990లో బయటపెట్టింది. డిస్కులూ కాగితం టేపులే, తీగ లేదు.

వయొలిన్‌బాక్సు
శనివారం ఉదయం 8:02

నాకు మొదట్నుంచీ ఈ సెట్ అంటే ఒళ్లు మంట. జాజ్ అంటే నలుగురు కలిసి మాట్లాడుకోవడం. పార్కర్ వాయించిన ప్రతి ముక్కా ఎవరో ఒకరికి జవాబు. ఆ హై-డి-హోలో పియానో దగ్గర కూర్చుంది ఎవరో తెలుసా? హాంప్టన్ హాస్. ఇంకా కుర్రాడు. ఆ రాత్రుల్లో అతను ఏం సోలో వాయించాడో ఇక ఎప్పటికీ తెలియదు. కచేరీలో పాటకుడి ఆలాపన ఉంచుకుని, వయొలిన్ తిప్పివాయించిన ముక్క చెరిపేస్తే ఎలా ఉంటుంది? నేను వయొలిన్ పక్షం, ముందే చెప్పేస్తున్నా.

సూదిమొన
శనివారం ఉదయం 8:30

ఒప్పుకుంటా. కానీ మా తాతగారి గురించి చెప్తా విను. తెనాలి దగ్గర మా ఊళ్లో నాటకమాడితే ఆయన టేపురికార్డరు పట్టుకెళ్లి స్టేజీ కింద మైకు స్తంభం పక్కన కూర్చునేవారు. పద్యం మొదలైతే బటన్ నొక్కడం, రాగం ముగిసి వచనంలోకి దిగగానే ఆపేయడం. మా ఇంట్లో రాయబారం క్యాసెట్ వింటే కృష్ణుడు వరసగా పద్యాలు పాడుతూనే ఉంటాడు, ఎవరూ ఏమీ అడగరు! "వచనం ఎవడు వింటాడ్రా, క్యాసెట్టు దండగ" అనేవారు. ఇప్పుడు నాకు ఆ వచనమే కావాలి. దుర్యోధనుడు ఎవరు వేశారో కూడా తెలియదు. అయినా ఆయన బటన్ నొక్కకపోతే ఆ పద్యాలూ ఉండేవి కావు.

కొత్తచెవి
శనివారం ఉదయం 9:10

హహ, రాయబారం ఉదాహరణతో బుర్రకెక్కిందండీ. డిస్కు చెక్కడం అంటే ఏమిటి? క్లబ్బులో కూర్చుని ఎల్పీ తయారుచేసేవారా?

టేపురాయుడు
శనివారం ఉదయం 10:25

దాదాపు అంతే. అల్యూమినియం పళ్లెం మీద లాకర్ పూత పూసి ఉంటుంది, నల్లగా, అద్దంలా మెరుస్తూ. మెషీనులో బరువైన టర్న్‌టేబుల్, దాని మీదకి వాలే చెక్కుడు సూది. మైకు నుంచి వచ్చే శబ్దానికి సూది అటూ ఇటూ కదులుతూ పూతలో గాడి తీస్తుంది. గాడిలోంచి తీసిన పూత దారంలా, వెంట్రుకంత సన్నంగా పైకి లేస్తుంది. ఇక్కడే అసలు పని. ఆ దారం సూది కిందికి వస్తే డిస్కు అంతటితో సరి. అందుకని మెత్తటి బ్రష్‌తో దాన్ని మధ్యకి తోస్తూ ఉండాలి. పైగా అది ఇట్టే అంటుకుంటుంది, చుట్టూ అందరూ సిగరెట్లు కాలుస్తున్నారు. ఎవరైనా బల్లని గుద్దితే సూది ఎగురుతుంది. ఇంత చేస్తూ పాట వినాలి, సోలో ఎప్పుడు మొదలవుతుందో కనిపెట్టాలి. బెనెడెట్టి అభిమాని అంటారు కానీ ఆ గంటల్లో ఆయన పాట విన్నాడని నేననుకోను. కూలిపని చేశాడు.

యుద్ధం రోజుల్లో అల్యూమినియం కరువొచ్చి గాజు పళ్లేల మీద పూత పూశారు. ఒకటి చేజారితే ఆ రాత్రి మొత్తం నేలమీద ముక్కలే.

సూదిమొన
శనివారం మధ్యాహ్నం 1:05

అలాంటి మెషీనుతోనే ఇంకా ముందే ఒక కుర్రాడు చేసిన పని చూడాలి. జెర్రీ న్యూమన్, కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి. 1941లో హార్లెమ్‌లో, 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్‌కి, ఇంకా మన్రోస్ అప్‌టౌన్ హౌస్‌కి డిస్కు మెషీను మోసుకెళ్లేవాడు. మింటన్స్‌లో డ్రమ్స్ కెన్నీ క్లార్క్, పియానో థెలోనియస్ మంక్. ఉద్యోగాలయ్యాక అర్ధరాత్రి వచ్చి కూర్చునే వాళ్లలో గిటార్ చార్లీ క్రిస్టియన్. బ్యాండు నాయకుడు బెన్నీ గుడ్‌మన్ దగ్గర స్టూడియోలో క్రిస్టియన్‌కి మూడు నిమిషాల రికార్డులో దొరికేది కాసింత చోటు. మింటన్స్‌లో అతను ఒక్కో కోరస్ (పాట ఒక పూర్తి చుట్టు) మీద ఇంకో కోరస్ ఎక్కిస్తూ పోతాడు, క్లార్క్ వెనక నుంచి డ్రమ్ మీద హఠాత్తు దెబ్బలతో బాంబులేస్తుంటాడు. ఆ డిస్కుల్లో అన్నిటికన్నా పేరున్నది కూడా సోలో మధ్యలోంచే మొదలవుతుంది! 1942 మార్చిలో క్షయతో పోయాడు క్రిస్టియన్. ఇరవై ఐదేళ్లు.

ఆ ఏడాదే ఆగస్టు 1 నుంచి అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగ్ సమ్మె. పెద్ద కంపెనీలు కొలంబియా, విక్టర్ దిగివచ్చేసరికి 1944 నవంబరు. అంటే బీబాప్, పార్కర్ వాళ్ల కొత్త తరహా జాజ్, పుట్టి, నడక నేర్చి, పరుగందుకున్న రోజుల్లో చాలాకాలం పెద్ద స్టూడియోలు మూతపడి ఉన్నాయి. న్యూమన్ లాంటివాళ్లు లేకపోతే ఆ పసితనం మనకి దక్కేదే కాదు. అదే న్యూమన్ పట్టిన పియానో విద్వాంసుడు ఆర్ట్ టేటమ్ డిస్కులు 1973లో ఎల్పీగా వచ్చి గ్రామీ కూడా తెచ్చుకున్నాయి.

వయొలిన్‌బాక్సు
శనివారం సాయంత్రం 5:45

సూదిమొనగారూ, మెషీను బల్లమీద పెట్టి అందరికీ కనిపించేలా చెక్కడం ఒక ఎత్తు. సంచిలో దాచడం ఇంకో ఎత్తు. మైక్ హారిస్ సంగతేమంటారు? భార్యతో కలిసి న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో కూర్చుని 1966 నుంచి 1975 దాకా పియానో వాయించే బిల్ ఎవాన్స్ త్రయాన్ని దొంగచాటుగా రికార్డు చేశాడు. ఎవాన్స్ 1980లో పోయాడు. 1996లో ఎనిమిది సీడీల పెట్టె వచ్చింది. పేరులోనే రహస్యం అని పెట్టుకున్నారు, అదేదో ఘనకార్యమైనట్టు.

ఎవాన్స్ తన రికార్డింగుల విషయంలో ఎంత పట్టుదల మనిషో తెలుసు కదా. చెయ్యి సహకరించని రాత్రులు ప్రతి కళాకారుడికీ ఉంటాయి. నాకున్నాయి. ఒక కచేరీలో జ్వరంతో వాయించాను, రెండో రోజుకి అది ఫోన్లలో తిరుగుతోంది. దాన్ని దాచుకోవడానికి నాకు హక్కు లేదా? మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులు వచ్చాయి, అమెరికాలోనూ అదే ఏడాది దొంగ రికార్డింగుల మీద చట్టం వచ్చింది. సొంతానికి వినుకునేందుకైతే మన చట్టంలో మినహాయింపు ఉంది. బయట పెడితేనే పేచీ.

టేపురాయుడు
శనివారం రాత్రి 9:20

మీరన్నది న్యాయమే. అడిగి చేసినవాళ్లూ ఉన్నారు. 1940 నవంబరు 7న నార్త్ డకోటాలోని ఫార్గోలో డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రాని జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు పట్టారు. ముందుగా ఆర్కెస్ట్రా ఏజెన్సీకి ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నారు, వ్యాపారానికి వాడబోమని మాటిచ్చారు. అది క్లబ్బు కాదు, డాన్స్ హాలు. అప్పుడే ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ వెళ్లిపోయాడు, ఆ స్థానంలో రే నాన్స్ కొత్తగా చేరాడు. జనం డాన్స్ చేస్తున్న అడుగుల చప్పుడు, పలకరింపులు అన్నీ వినిపిస్తాయి. 1980లో దానికీ గ్రామీ వచ్చింది, పట్టిన నలభై ఏళ్లకి.

ఇక హారిస్ విషయం. తప్పే అనుకోండి. కానీ ఆ పెట్టెలో బేస్ వాయించే ఎడ్డీ గోమెజ్ చేతికి పదును ఏడాది ఏడాదికీ ఎలా ఎక్కిందో వినిపిస్తుంది. ఏ కంపెనీ తొమ్మిదేళ్లు అదే కుర్చీలో కూర్చోదు కదండీ.

వయొలిన్‌బాక్సు
శనివారం రాత్రి 9:33

కూర్చోదు. అయినా నా ఓటు మారదు.

పిన్ని_న్యూజెర్సీ
ఆదివారం ఉదయం 7:50

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మీ మాటలు చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను.

మావారు పోయి నాలుగేళ్లయింది. 70లలో ఆయన న్యూయార్క్‌లో ఉద్యోగం చేసేవారు. వారానికొక రోజు ఆఫీసు నుంచి నేరుగా ఒక చిన్న జాజ్ క్లబ్బుకి వెళ్లేవారు. దాని పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. మెట్లు దిగి కిందికి వెళ్లాలి, ఇరవై బల్లలుంటాయేమో. ఒక్క బీరు తీసుకుని రెండు సెట్లూ కూర్చునేవారట. క్యాసెట్ రికార్డరు లంచ్ బాక్సు సంచిలో, మైకు మఫ్లర్ మడతలో. ఆయన సిగరెట్ ముట్టరు, మఫ్లర్ మాత్రం రెండ్రోజులు పొగ వాసనేసేది. నేను ఒకసారి వెళ్లాను, నిద్రొచ్చింది. మళ్లీ రమ్మని అడగలేదు.

ఇప్పుడు బూట్ల డబ్బాలో 37 క్యాసెట్లున్నాయి. మీద రెండేసి ఇంగ్లీషు అక్షరాలు, తేదీల్లేవు. వెనక ఉండే చిన్న చెవులు అన్నిటికీ స్క్రూడ్రైవర్‌తో విరగ్గొట్టారు, పొరపాటున ఎవరూ దాని మీద రికార్డు చేయకుండా. ఒక్కదానికి మాత్రం మరిచిపోయారు. దాని మీద నేను మా అబ్బాయి మాటలు రికార్డు చేశాను, రెండేళ్లవాడు, అమ్మమ్మకి పంపుదామని. ఆయన చూసి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

వీటిని ఏం చెయ్యాలి? మా అబ్బాయి పారేద్దామనడం లేదు, కానీ వాడికి తీరిక లేదు.

సూదిమొన
ఆదివారం ఉదయం 8:01

పిన్నిగారూ, దణ్ణం పెడతాను, ఏదీ ప్లే చేయకండి. ఆ డబ్బా ఎండ తగలని చోట పెట్టి, రాయుడు చెప్పేదాకా ఆగండి.

టేపురాయుడు
ఆదివారం ఉదయం 8:40

అమ్మా, కంగారు పడకండి. సూదిమొనగారు ఎప్పుడూ ఇంతే.

ముందు ప్రతి క్యాసెట్ కింది అంచున, టేపు బయటికి కనిపించే చోట చూడండి. అక్కడ మధ్యలో, టేపు వెనక చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, రాగి రేకు మీద అంటించి. యాభై ఏళ్లకి ఆ జిగురు ఆరిపోయి ముక్క రాలిపోతుంది. రాలిన వాటిని పక్కన పెట్టండి, వాటికి కొత్త డొక్కు, అంటే బయటి ప్లాస్టిక్ పెట్టె, మార్చాలి. 120 నిమిషాల క్యాసెట్లుంటే అవీ పక్కకే, ఆ టేపు మరీ పల్చన, పాత ప్లేయర్ నమిలేస్తుంది. మిగతావి మంచి ప్లేయర్‌లో ఒకసారి చివరిదాకా, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. చౌక యూఎస్‌బీ ప్లేయర్లు కొనకండి, వాటి వేగం వాటి ఇష్టం. శబ్దం మసకగా ఉంటే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి చూడాలి, డ్రమ్స్‌లో సింబల్ (ఇత్తడి పళ్లెం) మోత ఒక్కసారిగా తేటపడే చోట ఆపాలి. ఆ పని మీ అబ్బాయితో చేయించండి.

మొదట ఆ చెవి విరవని క్యాసెట్టే పెట్టండి. పిల్లాడి మాటలయ్యాక చివర్లో పాతది ఏమైనా మిగిలుండొచ్చు. ఫైల్ చేసి నాకు మెసేజ్‌లో పంపండి.

నిర్వాహకుడు
ఆదివారం ఉదయం 9:15

పిన్నిగారికి స్వాగతం. ఒక్క మాట: ఎవరు వాయించారో తెలియని పూర్తి రికార్డింగు వేదిక మీద పెట్టొద్దు. గుర్తుపట్టడానికి ముప్పై సెకన్ల ముక్క చాలు.

వయొలిన్‌బాక్సు
ఆదివారం ఉదయం 9:40

పిన్నిగారూ, పైన నేను రాసినవి చూసి నొచ్చుకోకండి. మీ వారి సంగతి వేరు అని అనలేను గానీ, ఆ డబ్బా మాత్రం భద్రంగా ఉండాలనే నా కోరిక కూడా.

తేదీల్లేకపోతే ఎంత తంటానో ఒక ఉదాహరణ. ఫైవ్ స్పాట్ క్లబ్బులో మంక్, టెనర్ శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ కలిసి వాయించిన టేపు ఒకటుంది. పట్టింది కోల్ట్రేన్ భార్య నైమా, చిన్న రికార్డరు పెట్టి. 1993లో బ్లూ నోట్ కంపెనీ బయటపెట్టినప్పుడు 1957 నాటిదనుకున్నారు, ఎందుకంటే వాళ్లిద్దరూ అక్కడ నెలల తరబడి వాయించింది ఆ ఏడాదే. తర్వాత తేలిందేమిటంటే, అది 1958 సెప్టెంబరు 11. రోజూ వాయించే జానీ గ్రిఫిన్ బదులు కోల్ట్రేన్ వచ్చి కూర్చున్న రాత్రి. వేగం కూడా తప్పుగా ఎక్కించారు, తర్వాత సరిచేశారు.

మన కచేరీ టేపులకి ఈ వేగం బాధ లేదు, తంబూరా ఉంటుంది. ఆ విద్వాంసుడి శ్రుతి తెలిస్తే చాలు, దానికి తగ్గట్టు వేగం తిప్పుకోవచ్చు. జాజ్‌కి ఆ సదుపాయం లేదు.

టేపురాయుడు
ఆదివారం ఉదయం 10:05

ఉంది! కరెంటు తంబూరా ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. క్లబ్బులో యాంప్లిఫయర్ సన్నగా హూఁ అంటూనే ఉంటుంది, అది టేపులో పడుతుంది. ఆ హూఁ 60 దగ్గర లేకపోతే వేగం తేడా ఉన్నట్టే. మన దగ్గరైతే 50.

ఒక తమాషా. బ్యాటరీ నీరసపడితే రికార్డరు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా పట్టిన టేపుని మామూలు వేగంతో వేస్తే శ్రుతి పైకెక్కుతుంది. అందుకే ఇలాంటి క్యాసెట్లలో సైడ్ చివరికొచ్చేసరికి ఆర్కెస్ట్రా అంతా హుషారైపోతుంది!

కొత్తచెవి
ఆదివారం రాత్రి 10:30

ఈ చర్చ మొదలుపెట్టింది ఫైళ్లు పాడయ్యాయా అని అడగడానికి. ఇప్పుడు పొద్దున్నుంచీ ఫోన్ చూస్తున్నా, పిన్నిగారి క్యాసెట్ ఏమైందా అని. మధ్యలో మింటన్స్ డిస్కులు కూడా విన్నాను. ఎవరో గ్లాసు పెట్టిన చప్పుడు, ఎవరో "యా!" అని అరవడం. ఆ అరిచినాయన ఎవరో ఎవరికైనా తెలుసా?

సూదిమొన
ఆదివారం రాత్రి 10:41

తెలియదు బాబూ. ఎనభై ఏళ్లు దాటింది, ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

పిన్ని_న్యూజెర్సీ
తర్వాతి శనివారం ఉదయం 6:30

మా అబ్బాయి స్నేహితుడి దగ్గర మంచి ప్లేయర్ దొరికింది. రాయుడుగారికి ఫైల్ పంపాను. వాడి మాటలు పద్దెనిమిది నిమిషాలున్నాయి. "అమ్మమ్మా టాటా" అన్నాక టక్‌మని శబ్దం, ఆ వెంటనే శాక్సఫోన్. కొత్తచెవి అన్నట్టే, నడిమధ్యలోంచి. నాలుగు నిమిషాలుంది.

టేపురాయుడు
శనివారం మధ్యాహ్నం 12:15

విన్నాను. హూఁ 62.1 దగ్గర ఉంది, అంటే మూడున్నర శాతం ఎక్కువ వేగం. పాట శ్రుతి డి-ఫ్లాట్‌కీ దాని పైనున్న డి-కీ మధ్యలో ఎక్కడో వేలాడుతోంది. సరిచేశాక కచ్చితంగా డి-ఫ్లాట్‌లో కూర్చుంది. ముప్పై సెకన్లు పెడుతున్నాను.

సూదిమొన
శనివారం మధ్యాహ్నం 12:50

"బాడీ అండ్ సోల్" పాట. దాన్ని ఎక్కువగా ఆ శ్రుతిలోనే వాయిస్తారు, అందుకే డి-ఫ్లాట్ అనగానే అనుమానం వచ్చింది, మధ్య భాగం వచ్చేసరికి తీరిపోయింది. టెనర్ శాక్సఫోన్. వాయించింది పేరున్నవాడు కాదు, లేదా నాకు తెలిసినవాడు కాదు. టెనర్‌లో పెద్దాయన కోల్మన్ హాకిన్స్‌ని బాగా విని, ఆ నీడలోంచి తప్పుకోవాలని చూస్తున్న కుర్రాడెవరో. బేస్ బాగుంది.

వయొలిన్‌బాక్సు
శనివారం మధ్యాహ్నం 1:20

బేస్ చాలా బాగుంది. మీ వారు బేస్ వైపు బల్ల దగ్గర కూర్చున్నారు పిన్నిగారూ. మఫ్లర్ పని చేసింది, పళ్లేల మోత తక్కువగా ఉంది. సోలో అయ్యాక కూడా ఆయన ఆపలేదు, బేస్ మొత్తం ఉంచారు. అందుకు ఆయనకి నా నమస్కారాలు.

పిన్ని_న్యూజెర్సీ
శనివారం సాయంత్రం 4:05

రాయుడుగారూ, సరిచేసిన ఫైల్ మొత్తం విన్నాను. చివర్లో చప్పట్లకి ముందు ఎవరో గుసగుసగా "ఇంకో రెండు నిమిషాలు రావే" అంటారు, గమనించారా? బ్యాటరీని బతిమాలుకుంటున్నారు. మొదటి ఫైల్లో ఎవరో కుర్రాడనుకున్నాను. ఇందులో ఆయన గొంతే.

ఒక్క ఇబ్బంది. మీరు ఫైల్ అంతా ఒకేలా తగ్గించినట్టున్నారు. మా అబ్బాయి మాటలు నేను ఇంట్లో ప్లగ్గు పెట్టి రికార్డు చేశాను, అవి సరిగానే ఉన్నాయి. ఇప్పుడు వాడు జలుబు చేసిన పెద్దమనిషిలా "చందమామ రావే" పాడుతున్నాడు. వాడికి వినిపిస్తే ఒకటే నవ్వు. ఆ ముక్క మాత్రం పాతదే ఉంచండి.

టేపురాయుడు
శనివారం సాయంత్రం 4:20

క్షమించండమ్మా, తొందరలో మొత్తానికి వేసేశాను. రాత్రికి విడదీసి పంపుతాను. ఇంకా 36 ఉన్నాయి కదా, ఫెల్ట్ రాలినవి ఎన్నో లెక్కపెట్టి చెప్పండి, డొక్కులు తెప్పిస్తాను.